హైదరాబాదు నుంచి డాలస్: గ్లోబు మీద 34 సెంటీమీటర్లు, టికెట్ మీద 23 గంటల 25 నిమిషాలు. లెక్క ఎక్కడ తప్పుతోంది?

లెక్కల మాస్టారు, తెనాలి (సెప్టెంబరు 14)

అందరికీ నమస్కారం. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అక్టోబరులో నేనూ మా ఆవిడా డాలస్ వెళ్తున్నాం. అమ్మాయికి నవంబరులో పురుడు. ఇద్దరం విమానం ఎక్కడం ఇదే మొదటిసారి.

టికెట్లు అల్లుడు తీసి వాట్సాప్‌లో పంపాడు. హైదరాబాదులో తెల్లవారుజామున 3:55కి బయల్దేరి 5:55కి దోహా. అక్కడ 8:30కి ఇంకో విమానం. అది సాయంత్రం 4:50కి డాలస్‌లో దిగుతుంది. తేదీ అదే. ఇది చూసి మా ఆవిడ "పొద్దున బయల్దేరి సాయంత్రానికి దిగిపోతాం, మన విశాఖపట్నం రైలు లాగే" అని సంబరపడింది. అల్లుడేమో మొత్తం ప్రయాణం 23 గంటల 25 నిమిషాలు అన్నాడు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. రిటైరైన రోజు పిల్లలు ఇచ్చిన గ్లోబు ఒకటి ఉంది, వ్యాసం 30 సెంటీమీటర్లు. చుట్టుకొలత 94 చిల్లర. భూమి చుట్టుకొలత 40,000 కి.మీ. కాబట్టి ఒక సెంటీమీటరుకు దాదాపు 425 కి.మీ. మా ఆవిడ మల్లెలు కట్టే దారం తీసుకుని ఒక కొస హైదరాబాదు మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగాను. మొదట గోడ మీది పటంలో ఉన్నట్టు అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమటికి పరిచాను. 42 సెంటీమీటర్లు వచ్చింది. బిగించేకొద్దీ దారం నిలవలేదు. పైకి, ఇంకా పైకి జారిపోయింది. చివరికి ఉత్తర ధ్రువం పక్కకు పోయి అక్కడ ఆగింది. అప్పుడు కొలిస్తే 34.

నమ్మకం కుదరక కాలిక్యులేటర్ తీశాను. హైదరాబాదు ఎయిర్‌పోర్టు 17.2 ఉత్తర అక్షాంశం, 78.4 తూర్పు రేఖాంశం. డాలస్ 32.9 ఉత్తరం, 97.0 పడమర. గోళం మీది త్రికోణమితి సూత్రంలో వేస్తే రెండింటి మధ్య కోణం 129.7 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 14,400 కి.మీ. దారం అబద్ధం చెప్పలేదన్నమాట.

ఇప్పుడు నా సందేహాలు.

విమానం నిజంగానే ధ్రువం పక్కనుంచి పోతుందా? అలా పోతే దోహా ఎందుకు?

గంటకు 900 కి.మీ. వేగం అంటున్నారు. 14,400కి 16 గంటలు చాలు. 23 గంటల 25 నిమిషాలు ఎలా అయింది?

అన్నిటికన్నా పెద్దది: దోహా నుంచి డాలస్‌కు 16 గంటల 20 నిమిషాలు వేశారు, తిరుగు టికెట్‌లో డాలస్ నుంచి దోహాకు 14 గంటల 35 నిమిషాలే. దూరం అదే కదా? ఒక గంటా నలభై అయిదు నిమిషాలు ఎక్కడికి పోయాయి?

మా ఆవిడ ప్రశ్న ఒక్కటే. "మొత్తం ఎన్ని గంటలు కూర్చోవాలి?"

---

ఇర్వింగ్‌వాసి (సెప్టెంబరు 14)

నమస్తే అంకుల్. మాదీ తెనాలే, గాంధీచౌక్ దగ్గర. డాలస్ వచ్చి పదకొండేళ్లు.

టైమ్ లెక్క మాత్రం చెప్తాను. అక్టోబరులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. ఇక్కడ సాయంత్రం 4:50 అంటే తెనాలిలో మర్నాడు తెల్లవారుజాము 3:20. మీరు బయల్దేరింది 3:55కి. తేడా 23:25, సరిపోయింది కదా. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి తేడా పదకొండున్నర. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఇది మర్చిపోయి బంధువుల్ని అర్ధరాత్రి లేపనివాళ్లు లేరు.

ఇంకోటి, విమానం దిగగానే బయటపడిపోతాం అనుకోకండి. డాలస్ ఎయిర్‌పోర్టు దాదాపు 70 చదరపు కిలోమీటర్లు, న్యూయార్క్ మన్‌హటన్ దీవి కన్నా పెద్దది. నేల తాకాక గేటు దగ్గరికి చేరడానికే ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు. మీరు దిగేది టెర్మినల్ డి. ఇమిగ్రేషన్ లైను మీ అదృష్టాన్ని బట్టి.

---

గాలివాటం (సెప్టెంబరు 14)

మాస్టారూ, ఇది సింపుల్. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మీరు పైన ఉండగా కింద భూమి తిరుగుతూ ఉంటుంది, అందుకే తొందరగా వచ్చేస్తారు. పదో తరగతి సైన్సు.

---

లెక్కల మాస్టారు, తెనాలి (సెప్టెంబరు 15)

బాబూ గాలివాటం, కోప్పడకు. ముప్పై నాలుగేళ్ల అలవాటు, తప్పు కనిపిస్తే ఎర్ర పెన్ను వెతుక్కుంటాను.

హైదరాబాదు దగ్గర నేల గంటకు 1,595 కి.మీ. వేగంతో తూర్పుకు తిరుగుతోంది. నువ్వు చెప్పినట్టే అయితే చార్మినార్ మీద ఒక హెలికాప్టర్ గంటసేపు కదలకుండా నిలబడితే చాలు. కిందికి చూసేసరికి చార్మినార్ ఉండదు, ముంబై దాటి అరేబియా సముద్రం నడిమధ్యన ఉంటాడు పాపం ఆ పైలట్. అలా జరగదు. నేలతో పాటు గాలి కూడా తిరుగుతోంది, గాలితో పాటు హెలికాప్టరూ తిరుగుతోంది. రైలు పెట్టెలో ఎగిరే ఈగ వెనక గోడకు కొట్టుకోదు కదా.

పైగా నీ లెక్క ప్రకారం భూమి తూర్పుకు తిరుగుతుంటే పడమటికి వెళ్లే విమానానికే లాభం రావాలి, ఊరే ఎదురొస్తుంది. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. కారణం ఇంకేదో ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

---

డిస్పాచ్ డెస్క్ (సెప్టెంబరు 15)

మాస్టారూ నమస్కారం. ఇరవై రెండేళ్లుగా ఫ్లైట్ డిస్పాచ్‌లో ఉన్నాను. విమానం ఎగరకముందు ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం వేయాలి అని లెక్క కట్టే ఉద్యోగం మాది. మీ దారం మేం రోజూ కంప్యూటర్‌లో పరిచేదే. దీన్ని మహావృత్తం అంటారు, మీకు తెలియనిది కాదు. మేం కిలోమీటర్లు వాడం, నాటికల్ మైళ్లు. ఒక డిగ్రీలో అరవయ్యో వంతుకు ఒక నాటికల్ మైలు. మీ 129.7ని అరవైతో గుణిస్తే 7,780. చూశారా, మీరు తెలియకుండానే మా భాషలో లెక్క వేశారు.

మీ దారం ధ్రువానికి దాదాపు 500 కి.మీ. దూరం దాకా పోతుంది. కారణం మీ లెక్కలోనే ఉంది. రెండు ఊళ్ల మధ్య రేఖాంశాల తేడా 175 డిగ్రీల చిల్లర, అంటే ఇంచుమించు భూమికి అటువైపు. అటువైపు ఇంటికి వెళ్లాలంటే చుట్టూ తిరగడం కన్నా పైకప్పు మీదుగా దిగడం దగ్గర.

మరి విమానం అలా ఎందుకు వెళ్లదు? అసలు హైదరాబాదు నుంచి డాలస్‌కు నేరుగా విమానమే లేదు, అది మొదటి మాట. ఉందనుకున్నా మీ దారం కారాకోరం మంచుకొండల మీదుగా, సైబీరియా మీదుగా పోతుంది. కొండల మీద చిక్కేమిటంటే, ఏ కారణం చేతనైనా క్యాబిన్‌లో గాలి పీడనం పోతే విమానం వెంటనే పది వేల అడుగులకు, అంటే మూడు కి.మీ. ఎత్తుకు దిగాలి. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాలకే వస్తుంది. కింద ఏడెనిమిది కి.మీ. కొండలుంటే ఎక్కడికి దిగుతాం? అందుకని ఆ వైపు దారులు ఎంచి ఎంచి గీస్తారు. ఇక సైబీరియా. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలకు రష్యా ఆకాశం మూసేశారు. ధ్రువం దగ్గర ఇంకో బెడద, చలి. మామూలుగా వాడే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. రెక్కల్లోని ఇంధనం వేడి ఎంత ఉందో పైలట్లు చూసుకుంటూ పోతారు, బాగా పడిపోతే ఎత్తు తగ్గిస్తారు, లేదా వేగం పెంచుతారు.

ఇవన్నీ చెప్పి భయపెడుతున్నాననుకోకండి, ధ్రువం మీదుగా విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్, పైలట్లందరూ ఆడవాళ్లే. దాదాపు 14,000 కి.మీ.

ఇప్పుడు మీ విమానం. హైదరాబాదు–దోహా 2,900 కి.మీ., దోహా–డాలస్ 12,750. కలిపితే 15,650. నేరు దూరం కన్నా 1,250 ఎక్కువ, అంటే గాలిలో గంటన్నర కూడా కాదు. చాలామంది గల్ఫ్ మీదుగా అంటే బాగా చుట్టు అనుకుంటారు. లండన్ మీదుగా వెళ్లినా దాదాపు 15,400, పెద్ద తేడా ఏమీ లేదు. మీ టైమ్ తినేది చుట్టుదారి కాదు. దోహాలో ఆగే రెండున్నర గంటలు, రెండుసార్లు ఎక్కడం, రెండుసార్లు దిగడం, రన్‌వే దాకా మెల్లగా పాకడం.

టికెట్ మీద వేసే 16:20 ఎగిరే సమయం కూడా కాదు. గేటు నుంచి వెనక్కి తోసిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. అందులో కాస్త ఉదారంగా కలిపి వేస్తారు. అందుకే "పది నిమిషాలు ముందే చేరుకున్నాం" అని పైలట్ సంతోషంగా ప్రకటిస్తాడు.

ఆ గంటా నలభై అయిదు నిమిషాల సంగతి. మీరు ఎర్ర పెన్ను పెట్టింది కరెక్టు. దోషి గాలి. తొమ్మిది నుంచి పన్నెండు కి.మీ. ఎత్తులో, సరిగ్గా విమానాలు తిరిగే చోట, పడమర నుంచి తూర్పుకు నదిలా పారే గాలి ఉంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అట్లాంటిక్ మీద గంటకు 200 కి.మీ. దాటడం మామూలు విషయం. గాలివాటంగారికి కూడా సగం మార్కులు ఇవ్వాలి మాస్టారూ. భూమధ్య రేఖ దగ్గర వేడి, ధ్రువం దగ్గర చలి, ఈ తేడాతో కదిలే గాలిని తూర్పుకు మళ్లించేది భూమి తిరగడమే. అంటే భూమి కింద నుంచి జారిపోవడం లేదు కానీ గాలి చేత పని చేయిస్తోంది.

దారి మొత్తం సగటున 60 కి.మీ. ఎదురుగాలి అనుకోండి. 900లో 60 పోతే 840, 12,750కి 15 గంటల పది నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు అదే 60 వెనక నుంచి తోస్తే 960, 13 గంటల పావు. తేడా గంటా యాభై అయిదు నిమిషాలు. మీ రెండు టికెట్ల తేడాకు దగ్గరగా వచ్చిందా?

ఈ గాలి ఎంత మొండిదో ఒక్క ఉదాహరణ. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో అట్లాంటిక్ వైపు నుంచి వెళ్లేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం దాదాపు 1,400 కి.మీ. పెరిగి 15,300 అయింది. సమయం మాత్రం తగ్గి పద్నాలుగున్నర గంటల్లో చేరింది. తిరిగి వచ్చేటప్పుడు అట్లాంటిక్ మీదుగానే వచ్చింది, అప్పుడూ వెనక గాలే. పోనూ రానూ కలిపి భూమికి ప్రదక్షిణం.

చివరగా సీటు. దోహా నుంచి కుడివైపు కిటికీ దొరికితే తీసుకోండి. మీ దారి 64 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కుతుంది, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ దరిదాపులు. మంచు ఆ వైపు. ఎడమవైపు ఎండ మొహాన కొడుతుంది.

---

నాలుగుసార్లు వెళ్లొచ్చిన అమ్మ, కరీంనగర్ (సెప్టెంబరు 16)

అన్నయ్యగారూ, మీరంతా కిలోమీటర్ల మీద పడ్డారు, వదినగారి ప్రశ్నకు ఒక్కరూ జవాబు చెప్పలేదు.

మా అబ్బాయి కూడా మొదటిసారి "ఇరవై మూడు గంటలే అమ్మా" అన్నాడు. కరీంనగర్ ఇంటికి తాళం వేసిన దగ్గర నుంచి ప్లేనోలో వాళ్లింట్లో చెప్పులు విడిచేదాకా చూసుకుంటే ముప్పై ఆరు. నడుముకు గుర్తుండేది ఈ లెక్కే. వదినగారికి ఇదే చెప్పండి, ముందే తెలిస్తే మనసు గట్టిపడుతుంది.

భోజనం సంగతి వెంటనే చూసుకోండి. మీరు శాకాహారులైతే టికెట్‌లో "హిందూ మీల్" అని పెట్టించకండి. పేరు చూసి పిల్లలు అదే నొక్కేస్తారు. అందులో కోడి, మేక వస్తాయి, గొడ్డు మాంసం మాత్రం ఉండదు. మనకు కావాల్సింది "ఏషియన్ వెజిటేరియన్", కోడ్ ఏవీఎంఎల్. మొదటిసారి నేను పద్నాలుగు గంటలు రెండు బన్నులు, ఒక పెరుగు కప్పుతో గడిపాను. అబ్బాయికి ఇప్పటికీ చెప్పలేదు.

వీల్‌చెయిర్ పెట్టించుకోండి. నడవగలం కదా అని మొహమాటపడకండి. నడక కోసం కాదు, దోహాలో గేటు వెతుక్కునే టెన్షన్ తప్పడానికి. తోసే పిల్లాడు మిమ్మల్ని సరైన చోట కూర్చోబెడతాడు.

కాళ్లు వాస్తాయి. బిగుతు బూట్లు వద్దు, అన్నయ్యగారూ మీకు కూడా. రెండు గంటలకోసారి లేచి వెనక వంటగది దాకా నడిచి రండి, అక్కడ నీళ్లు కూడా అడగొచ్చు. మందులు చేతిసంచిలో, డాక్టర్ చీటీతో సహా. సుగర్, బీపీ మాత్రలు ఏ టైమ్ ప్రకారం వేసుకోవాలో బయల్దేరేముందే డాక్టర్‌ను అడగండి, ఆ రోజు పొద్దు ఒక పట్టాన గూకదు.

పచ్చళ్లు పెద్ద సూట్‌కేసులోనే పెట్టండి. చేతిసంచిలో ఉంటే నూనె అని తీయించేస్తారు. అక్కడ కస్టమ్స్ వాళ్లు తినేవి ఏమైనా ఉన్నాయా అంటే ఉన్నాయని చెప్పండి. పచ్చి కాయలు, పండ్లు, మాంసం వద్దు. గోంగూర పచ్చడికి ఇంతవరకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

---

గాలివాటం (సెప్టెంబరు 16)

సగం మార్కులు తీసుకున్నాను మాస్టారూ. పాస్ చేయించండి.

---

మణికొండ నివాసి (సెప్టెంబరు 17)

ఇంతమంది తెలుగువాళ్లు డాలస్‌లో ఉన్నారు, హైదరాబాదు నుంచి డైరెక్ట్ ఎప్పుడు వేస్తారు సార్?

---

డిస్పాచ్ డెస్క్ (సెప్టెంబరు 17)

తేదీ నా చేతిలో ఉంటే రేపే వేసేవాణ్ని. 2021 జనవరిలో హైదరాబాదు–చికాగో నేరుగా మొదలైంది, 13,300 కి.మీ. తర్వాత ఆగిపోయింది. అంత దూరం పోయే విమానాలు కొన్నే. ఎగరగలదు కదా అని వేయరు. ఇలాంటి దూరాల్లో ఇంధనం బరువు మొయ్యడానికే చాలా ఇంధనం పోతుంది, సీట్లలో సగం ఖాళీగా ఉంచాల్సి వస్తే గిట్టదు. ఇప్పుడు ప్రపంచంలో పొడవైన వాటిలో ఒకటి సింగపూర్–న్యూయార్క్, 15,300 కి.మీ. పైచిలుకు, పద్దెనిమిది గంటల పైనే. అందులో మన మామూలు ఎకానమీ సీట్లే ఉండవు.

---

లెక్కల మాస్టారు, ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సస్ (అక్టోబరు 16)

అందరికీ నమస్కారం. చేరాం. నాలుగు రోజులు పగలు నిద్ర, రాత్రి జాగరణ అయ్యాక ఈరోజు తల కుదుటపడి రాస్తున్నాను. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ప్రతిదీ రాసుకున్నాను, అల్లుడు నవ్వుతున్నాడు.

మొదట చెల్లెమ్మకు దండం. టికెట్ తెరిచి చూస్తే సరిగ్గా "హిందూ మీల్" అనే ఉంది. మార్పించాం. వీల్‌చెయిర్ మా ఆవిడ వద్దంటే వద్దంది, దోహాలో దిగాక ఆ హాలు పొడవు చూసి నా వైపు తిరిగి "ఏదీ, ఆ కుర్చీ?" అంది.

తెనాలిలో తాళం వేసింది సాయంత్రం 4:00. సూర్యాపేటలో టీ, ఇడ్లీ. శంషాబాద్ 10:35కి. అక్కడి నుంచి విమానం కదిలేదాకా అయిదు గంటల ఇరవై నిమిషాలు, లైన్లలో కొంత, కుర్చీల్లో కొంత. దోహా దాకా గాలిలో 4 గంటల 5 నిమిషాలు. దిగుతుంటే తెల్లారింది.

దోహాలో రెండో విమానం గేటు వదిలింది 8:41కి, చక్రాలు నేల విడిచింది 9:02కి. అవతల చక్రాలు నేల తాకింది దోహా టైమ్‌లో రాత్రి 12:24కి. గేటు దగ్గర ఆగింది 12:43కి, అంటే డాలస్‌లో 4:43. ఏడు నిమిషాలు ముందు! పైలట్ ప్రకటించాడు, చాలా సంతోషంగానే. డిస్పాచ్ బాబూ, నేను గట్టిగా నవ్వితే పక్కాయన ఉలిక్కిపడ్డాడు.

గాలిలో 15 గంటల 22 నిమిషాలు. మీరు ముందే చెప్పింది 15 గంటల 10. సీటు ముందు తెరలో నేల మీది వేగం చూస్తూ కూర్చున్నాను. ఐస్‌లాండ్ చేరకముందు ఒకసారి 798కి పడింది, కెనడా మీద 880 దాకా పోయింది. సినిమాలు చూడలేదు, ఇదే చూశాను. మా ఆవిడ "అది అంకెల సినిమానా?" అని నిద్రపోయింది.

కుడివైపు కిటికీ దొరికింది. గ్రీన్‌లాండ్ వచ్చినప్పుడు విమానంలో అందరూ కిటికీలు మూసి పడుకున్నారు, అంతా చీకటి. నేను కిటికీ రెక్క జానెడు ఎత్తి చూశాను. తెల్లగా ఉంటుందనుకున్నాను. నీలం, బూడిద కలిసినట్టుంది, సుద్దముక్క పొడి తడిసి బోర్డు మీద ఆరితే ఎలా ఉంటుందో అలా. నల్లటి రాతి కొండలు మంచులోంచి పళ్లలా పైకి లేచాయి. రోడ్డు లేదు, దీపం లేదు. మా ఆవిడను లేపాను. చూసి, "ఇక్కడ మనుషులేం తింటారు?" అని అడిగింది. నాకు తెలియలేదు.

పొద్దు సంగతి చెల్లెమ్మ చెప్పినట్టే జరిగింది. దోహా దగ్గర ఆ ఉదయం అయిదున్నర ప్రాంతంలో లేచిన సూర్యుడు మేం అల్లుడింటికి చేరే ముందే అస్తమించాడు. ఇరవై ఒక్క గంటల పగలు. పడమటికి మేం పరిగెడుతుంటే ఆయన కూడా పక్కనే నడిచాడు.

ఇమిగ్రేషన్‌లో "ఎందుకొచ్చారు" అంటే "మనవరాలికో మనవడికో" అన్నాను, అబ్బాయి నవ్వి ముద్ర కొట్టాడు. పచ్చళ్లు ఉన్నాయని మేమే చెప్పాం, పంపేశారు. సూట్‌కేసులు రావడం ఆలస్యమై బయటపడింది 6:10కి. ఫ్రిస్కోలో గడప దాటింది 7:05కి. తెనాలిలో అప్పుడు మూడో రోజు తెల్లవారుజాము 5:35.

ఇక మా ఆవిడ ప్రశ్నకు జవాబు. తాళం నుంచి గడప దాకా 37 గంటల 35 నిమిషాలు. అందులో గాలిలో ఉన్నది 19 గంటల 27 నిమిషాలు. మిగతా సగం నేల మీదే.

రాత్రి నిద్ర పట్టక ఇంకో లెక్క వేశాను. గ్లోబు తెనాలిలో ఉంది, కొలతలు నోట్‌బుక్‌లో ఉన్నాయి. హైదరాబాదు–దోహా దారం 6.9 సెంటీమీటర్లు. దోహా–డాలస్ 30. తెనాలి–శంషాబాద్ రోడ్డు 300 కి.మీ., అంటే 0.7. ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రిస్కో దారం మందం, వదిలేశాను. మొత్తం 37.6 సెంటీమీటర్లు. పట్టిన సమయం, దశాంశాల్లో రాస్తే, 37.6 గంటలు.

గంటకు సరిగ్గా ఒక సెంటీమీటరు. ఇంత వేగంగా ఎగిరొచ్చి, నా గ్లోబు మీద గోడ గడియారం చిన్న ముల్లు కంటే నెమ్మదిగా పాకాం. రెండుసార్లు సరిచూశాను, తప్పు లేదు. పొద్దున అమ్మాయికి చూపిస్తే "నాన్నా, ముందు కాఫీ తాగు" అంది.

తిరుగు ప్రయాణం ఫిబ్రవరిలో. జెట్ స్ట్రీమ్ గట్టిగా ఉండే నెల అంటున్నారు. నోట్‌బుక్‌లో ఇంకా పద్దెనిమిది పేజీలు ఉన్నాయి.